ఆరో సైకిల్

"స్వరూపా, జర టేపు పట్టుకరా!" అని ఉదయ్‌కిరణ్ హాల్లోంచి కేకేసినప్పుడు స్వరూప వంటింట్లో అటుకుల పోహాలోకి ఉల్లిపాయలు తరుగుతోంది. ఆదివారం పొద్దున్న ఎనిమిదిన్నర. చంద్రపూర్ నుంచి కోఠారి దాకా తొక్కి తిరిగొచ్చిన ఐదుగురు మగవాళ్లు హాల్లో ఫ్యాను కింద కూలబడి ఉన్నారు. వాళ్ల సైకిళ్లు వరండాలో, బూట్లు గుమ్మంలో, చెమట వాసన ఇల్లంతా. టేపంటే దర్జీ టేపు కాదు, స్టీలు టేపు. స్వరూప బొగ్గు గని సర్వే ఆఫీసులో ట్రేసర్. గని మ్యాపులు గీయడం ఆమె ఉద్యోగం. అందుకని కొలిచే పని ఏదైనా ఇంట్లో ఆమెకే వస్తుంది, కర్టెన్ల దగ్గర్నుంచి కొత్త ఫ్రిజ్ పట్టే సందు దాకా.

ఇవాళ కొలవాల్సింది మగవాళ్లను. సెప్టెంబరులో ఐదుగురూ ఇటలీ పోతున్నారు, కొండల మధ్య ఏడు రోజులు సైకిల్ తొక్కడానికి. అక్కడ సైకిళ్లు అద్దెకిచ్చి, బస కూడా చూసే లూచియా అనే ఆవిడ ఒక్కొక్కరి ఎత్తు పంపమని మెయిల్ రాసింది. చెప్పులు లేకుండా, మడమలు గోడకు ఆనించి, నిటారుగా నిలబెట్టి కొలవాలట. ఎత్తు తప్పితే సైకిల్ తప్పుతుంది, సైకిల్ తప్పితే రెండో రోజుకే నడుం పట్టేస్తుంది.

"వహినీ, పొట్ట గూడ కొలుస్తరా?" అన్నాడు అనంతరావు గోడకు ఆనుకుంటూ. వహినీ అంటే మరాఠీలో వదిన. ఉదయ్‌కిరణ్ పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలోనే స్టోర్స్ చూస్తాడాయన. మంచి మనిషి, నోరే కాస్త పెద్దది. అందరూ నవ్వారు, స్వరూప కూడా నవ్వింది. నూట డెబ్బై ఒకటి, నూట అరవై తొమ్మిది సెంటీమీటర్లు అని రాసుకుంటూ పోయి చివరికి మొగుడి దగ్గరికి వచ్చింది. ఉదయ్‌కిరణ్ మడమలు నేల వదిలి ఓ అంగుళం పైకి లేచాయి. ఆమె చూసింది. అతని భుజం మీద వేలితో చిన్నగా తట్టింది. మడమలు దిగాయి.

"నూట అరవై నాలుగు," అంది.

"నూట అరవై ఎనిమిది రాయి. ఎట్లైన బూట్లేసుకుంటం గద."

స్వరూప తలూపింది గానీ కాగితం మీద నూట అరవై నాలుగే రాసింది. ఇరవై ఏళ్లు సర్వే ఆఫీసులో పనిచేసిన చెయ్యి, ఉన్నదాన్ని ఉన్నట్టు రాయకపోతే ఊరుకోదు.

ఈ ఇటలీ కథ మార్చిలో మొదలైంది. కిందటేడు బల్లార్‌పూర్ రోడ్డు మీద ఒక బొగ్గు టిప్పర్ వీళ్లలో గోపాల్‌ను రాసుకుంటూ పోయి అతని కాలర్ బోన్ విరిచింది. అప్పట్నుంచి ఐదుగురికీ ఒకటే కోరిక, ఒక్క లారీ కూడా కనపడని దారిలో జీవితంలో ఒక్కసారి తొక్కాలని. బండ్లను రానివ్వని సైకిల్ దారులు ఇటలీలో ఉన్నాయనీ, అవి కొండల మీదుగా ద్రాక్ష తోటల పక్కనుంచి పోతాయనీ అనంతరావు ఎక్కడో చదివాడు. కోరిక వాళ్లది. పని మాత్రం నడుచుకుంటూ స్వరూప దగ్గరికి వచ్చింది.

"నీకు మ్యాపులు అలవాటే గద, జర చూసిపెట్టు. కూసొని చేసే పనే," అన్నాడు ఉదయ్‌కిరణ్.

కూర్చొని చేసే పని. ఈ మాట ఆమెకు కొత్త కాదు. చింతపండు పిక్కలు తీయడం కూర్చొని చేసే పని. కూతురు ప్రణీత చేత లెక్కలు చేయించడం, అత్తగారి మందులు వారానికి సరిపడా డబ్బాల్లో సర్దడం, ఫ్యాక్టరీ క్లబ్బు దసరా కార్యక్రమానికి పేర్ల పట్టిక రాయడం, అన్నీ కూర్చొని చేసేవే. అలా కూర్చొనే ఆమెకు పదిహేడేళ్ల కాపురంలో కాళ్లు నొప్పెట్టాయి. ఆఫీసులోనూ అంతే. మ్యాపు కింద 'గీసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఇరవై ఏళ్లలో ఆమె పేరు రెండుసార్లు పడింది, రెండుసార్లూ సర్వేయరు సెలవులో ఉన్నాడు. మిగతా మ్యాపుల మీద సంతకం ఆయనది, గీత ఆమెది. అడిగితే "మనది టీమ్ వర్క్ కదా మేడమ్" అంటాడు, టీ పెట్టమని కేటిల్ వైపు చూస్తూ.

అయినా ఈ ఇటలీ పని ముందేసుకున్న రెండో రోజుకే స్వరూపకు ఒక విషయం అర్థమైంది. ఇది ఆమెకు నచ్చుతోంది. మామూలుగా నచ్చడం కాదు, బస్సులో ఆఫీసుకు పోతూ కిటికీ బయట బూడిద రంగు దుమ్ము చూస్తూ కూడా ఆ కొండల గురించే ఆలోచించేంత.

మగవాళ్లు అప్పటికే ఒక ప్లాను వేసుకున్నారు. రోజుకు తొంభై ఐదు కిలోమీటర్లు. ఆ కాగితం చూసి స్వరూపకు నవ్వాగలేదు. వాళ్ల తప్పు కాదు. ఈ ప్రాంతంలో నేల పళ్లెంలా ఉంటుంది. బల్లార్‌పూర్ పోయినా, గోండ్‌పిప్రి పోయినా కిలోమీటర్లు లెక్కపెడితే చాలు, ఎత్తు లెక్క ఎవడికీ రాదు. గనివాళ్లు పోసిన మట్టి గుట్టలు తప్ప ఇక్కడ పైకెక్కడానికి ఏముంది? స్వరూప మాత్రం మ్యాపులో ఎత్తు గీతలు చూసింది. గీతలు ఎడంగా ఉంటే నేల మెల్లగా లేస్తోందని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంటే గోడలా నిలబడిందని అర్థం. వాళ్ల ప్లానులో మూడో రోజు దారి మీద గీతలు దువ్విన తల వెంట్రుకల్లా దగ్గరగా ఉన్నాయి. అనంతరావు ఆ గుట్ట ఎక్కితే కిందికి మోసుకురావాల్సిందే.

అప్పుడే ఆమెకు తండ్రి గుర్తొచ్చాడు, వాళ్ల బాపు పోశం. పోశం భూగర్భ గనిలో హాలేజీ పని చేసేవాడు, బొగ్గు నింపిన టబ్బుల్ని తాడుతో పైకి లాగే పని. ఏ వాలు మీద టబ్బు నిలుస్తుందో, ఏ వాలు మీద జారుతుందో కాలి కింద నేలను బట్టి చెప్పేవాడు. స్వరూపకు సైకిల్ నేర్పింది ఆయనే. చిన్నప్పుడు రైలు కట్ట మీద నిలబెట్టి అనేవాడు, "రైలును చూడు బిడ్డా. అది గుట్టతోని కొట్లాడది. సుట్టు తిరిగి మెల్లగ ఎక్కుతది." ఆమెకు ఇరవై ఒకటో ఏట ఆయన గుండె ఆగి పోయాడు. ఆయన పోయినందుకు కంపెనీ ఆమెకు సర్వే ఆఫీసులో ఉద్యోగం ఇచ్చింది. పెళ్లిదాకా మూడేళ్లు ఆయన సైకిల్ మీదే, రోజూ తొమ్మిది కిలోమీటర్లు తొక్కి ఆఫీసుకు పోయింది. పెళ్లయ్యాక ఇంజనీరు భార్య సైకిల్ మీద పోతే కాలనీలో బాగుండదన్నారు. సైకిల్‌ను ఎవరో పట్టుకుపోయారు, ఎవరని ఆమె అడగలేదు.

రైలు గుట్టతో కొట్లాడదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె వెతికింది. ఇటలీలో రైళ్లు ఆగిపోయిన పాత లైన్లున్నాయి. పట్టాలు తీసేసి వాటిని సైకిల్ దారులు చేశారు. వంతెనలు అలాగే ఉన్నాయి, సొరంగాలూ అలాగే ఉన్నాయి. బండి రాదు, నిట్టనిలువు ఎక్కుడూ చాలావరకు ఉండదు. ఉంబ్రియా అనే చోట కొండల్లో అలాంటి దారి దొరికినప్పుడు ఆమె లంచ్ డబ్బా మూత పెట్టడం మర్చిపోయింది. ఆ దారికి ఏటి గట్లు కలిపింది, పొలాల మధ్య తెల్ల కంకర రోడ్లు కలిపింది. రోజుకు నలభై ఐదు, యాభై కిలోమీటర్లు. ఎక్కాల్సిన చోట్లు పొద్దున చల్లటి పూట, దిగాల్సినవి మధ్యాహ్నం. సొరంగాల్లోకి లైట్లు. ఐదుగురికి మూడు గదులు.

ఎక్కే వేగం కూడా ఊహించి రాయలేదు. ఒక శనివారం ఆఫీసయ్యాక ప్రణీత సైకిల్ తీసుకుని, మొక్కలు నాటి వదిలేసిన పాత మట్టి గుట్ట దగ్గరికి పోయింది. ఆ గుట్ట వాలు ఆమెకు తెలుసు, ఆ మ్యాపు గీసింది ఆమే. చున్నీ నడుముకు కట్టుకుని తొక్కింది. సగంలో ఊపిరి అందలేదు, ఆగింది, మళ్లీ తొక్కింది. పైకెక్కాక దూరంగా పవర్ ప్లాంటు పొగ గొట్టాలు కనిపించాయి. గాలి ముఖానికి కొట్టింది. నలభై ఒకటో ఏట తన తొడల్లో ఇంకా ఇంత బలముందా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. టైం రాసుకుంది, మగవాళ్లకు దానికి పావు వంతు తగ్గించింది, అనంతరావుకు పావు వంతు పెంచింది. సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అత్తగారు మాత్రం ఆమె చెప్పులకంటిన ఎర్రమట్టి వైపు ఒకసారి చూసి ఊరుకుంది.

లూచియాతో మెయిళ్లు నడిచాయి, ఇప్పటికి ఇరవై దాటి ఉంటాయి. వాన పడితే కంకర జారుతుందా, మంచినీళ్ల కుళాయిలు ఎక్కడున్నాయి, కుక్కలు వెంటపడతాయా, ఫలానా వంతెన మీద పక్క గోడ ఎంత ఎత్తు. అన్నిటికీ ఓపిగ్గా జవాబు వచ్చేది. ఒకసారి ఆమె ఇలా రాసింది, "ఇన్నేళ్లలో మా దారుల గురించి ఇంత బాగా అడిగినవాళ్లు లేరు. మీరు ఇక్కడ పుట్టారేమో అనిపిస్తోంది." స్వరూప ఆ మెయిల్‌ను నాలుగుసార్లు చదువుకుంది. పదిహేడేళ్లలో ఈ ఇంట్లో గానీ, ఇరవై ఏళ్లలో ఆ ఆఫీసులో గానీ ఆమెను ఇలా ఎవరూ మెచ్చుకోలేదు. ఎక్కడో ఉన్న ముక్కూ ముఖం తెలియని మనిషికి మనసులోనే దండం పెట్టింది.

ఇక ఆ ఆదివారం పోహా తింటూ ఉదయ్‌కిరణ్ రూటు కాగితం బల్ల మీద పరిచాడు. స్వరూప రంగు పెన్సిళ్లతో గీసి, ఆఫీసులో ప్రింటు తీసిన కాగితం. ఐదుగురిలో ఒకడైన రామకిషన్ ఈల వేశాడు.

"ఏం రూటు కొట్టినవ్ బ్రదర్! రైలు దారి పట్టినవ్ సూడు, గది దిమాగ్ అంటే," అన్నాడు అనంతరావు.

ఉదయ్‌కిరణ్ అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. పోహాలో నిమ్మకాయ పిండుకుంటూ నవ్వాడు. తర్వాత గుర్తొచ్చినట్టు, "స్వరూప గూడ హెల్ప్ చేసింది," అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. స్వరూపకు కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ ఆ కోపం అడుగున ఇంకొకటుంది. వీళ్ల బద్ధకమే లేకపోతే ఆ కొండలు ఆమెకు దొరికేవా? ఈ రెండు నెలలు ఆమెవి. అందుకు వాళ్లకు థాంక్స్ చెప్పాలని కూడా బుద్ధి పుట్టింది, ప్లేట్లు తీయమని అడిగేదాకా.

మధ్యాహ్నం ఐదు ఎత్తులూ లూచియాకు పంపింది. సోమవారం లంచ్ టైములో జవాబు వచ్చింది.

"ఐదు ఎత్తులు అందాయి. మీరు ఒకటి మర్చిపోయారు, మీది. మూడు గదుల్లో ఆరు మంచాలున్నాయి, ఆరో సైకిల్ మీదే కదా? శుక్రవారంలోగా పంపండి, మీ కోసం మంచిది పక్కన పెడతాను."

స్వరూప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆరు మంచాలు. గదులు బుక్ చేసింది తనే. ఐదుగురిని ఆరు మంచాల మీద సర్దింది తనే. ఆరోది ఖాళీగా ఉందని రెండు నెలలుగా కళ్లముందే కనిపిస్తోంది, మనసుకే అందలేదు. ఆ దారిలో ప్రతి మలుపూ తెలిసిన మనిషి ఆ దారి మీద తొక్కదని ఊహించడం లూచియాకు చేతకాలేదు. స్వరూపకు మాత్రం తొక్కుతానని ఊహించడం చేతకాలేదు. ఇందులో ఎవరిది తెలివితక్కువతనం?

సాయంత్రం టీ ఇస్తూ ఉదయ్‌కిరణ్‌కు చెప్పింది.

"పాపం, ఆమెకు సమజ్ కాలేదు," అని నవ్వాడతను. "ఐదే సైకిళ్లని రాసెయ్."

"నేను గూడ వస్తే?"

అతను ఫోన్ పక్కన పెట్టాడు. కోప్పడలేదు, నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వా? సైకిల్ మీదనా? ఐదుగురు మగోళ్ల నడుమ ఒక్కదానివి ఏం జేస్తవ్? వాళ్లు ఫ్రీగ మాట్లాడలేరు. అమ్మకు షుగర్, ప్రణీతది నైన్త్. పది రోజులు ఇల్లెవరు చూస్తరు?" ఆమె ముఖం చూసి మెత్తబడ్డాడు. "ఎప్పుడన్న మనిద్దరమే పోదాం తియ్. కార్ల తిరుగుదాం, ఆరాంగ."

ఉదయ్‌కిరణ్ చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, జీతం లాక్కోలేదు, ఆమె జ్వరంతో పడుకుంటే హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చాడు. చెడ్డవాడు కాదు అన్న ఒక్క మాట మీద ఎంతమంది ఆడవాళ్లు ఎన్నేళ్లు బతికేస్తారో స్వరూపకు తెలుసు. తనూ ఆ మాట మీదే బతికింది, దానికి తగ్గట్టు కృతజ్ఞతగానే ఉంది. కానీ లూచియా అడిగింది మొగుడు ఎలాంటివాడని కాదు. ఎత్తు అడిగింది.

మంగళవారం ఆఫీసులో జవాబు మొదలుపెట్టింది. 'క్షమించండి, నేను రావడం లేదు' అని రాసి చెరిపేసింది. సరే, వస్తానో రానో పక్కన పెట్టి ఎత్తు మాటే చూద్దామంటే, అక్కడా చెయ్యి ఆగింది. ఆమెకు తన ఎత్తు తెలియదు. లోకంలో ఉన్నవన్నీ కొలిచే మనిషికి తన కొలత తెలియదు. పెళ్లి బయోడేటాలో ఐదడుగుల మూడంగుళాలు అని రాశారు. రాసింది మేనమామ. "పిలగాడు అయిదు ఆరు అని పెట్టిండ్రు, అంతుంటడో ఉండడో. మనం తక్కువనే రాద్దాం, సంబంధం తప్పొద్దు," అన్నాడు. అటువాళ్లు కొంచెం పెంచారు, ఇటువాళ్లు కొంచెం తగ్గించారు, రెండు కుటుంబాలూ కాగితం మీద చక్కగా కుదిరాయి. కోసేసిన అంగుళాలు ఎన్నో మేనమామకూ తెలియదు. ఆ తర్వాత ఆమె హీల్స్ వేసుకోలేదు. ఫొటోల్లో అతను నిలబడితే తను కుర్చీలో కూర్చుంది, లేదా పిల్లనెత్తుకుని ఓ పక్కకు వంగింది. ఫొటోలప్పుడు ఎవరూ వంగమని చెప్పలేదు. పెళ్లినాడు పెద్దమ్మ ఒక్కసారి చెవిలో అంది, "జర ఒంగి నిలబడు." ఆ ఒక్కసారి పదిహేడేళ్లు సరిపోయింది. చూసేవాళ్లు ఎంత అణకువ అనుకున్నారు. డాక్టరు మెడ నరాలు పట్టేశాయన్నాడు.

బుధవారం సాయంత్రం ఐదింటికి ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఉదయ్‌కిరణ్ ఫ్యాక్టరీలో, ప్రణీత ట్యూషన్‌లో. అత్తగారు సాయమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి. వయసులో ఉన్నప్పుడు గంపలతో బొగ్గు మోసి రైలు వ్యాగన్లు నింపింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు గానీ చెవులు అద్భుతంగా పనిచేస్తాయి.

"గా ఇటలీ ఆమెకు జవాబు రాసినవా?" అంది ఉన్నట్టుండి.

స్వరూప ఉలిక్కిపడింది. "ఇంకా లేదు అత్తమ్మా."

"ఏమడిగిందంట?"

"నా ఎత్తు."

"చెప్పరాదు మరి."

"నాకు తెల్వది అత్తమ్మా," అంది స్వరూప. అంత చిన్న విషయానికి కళ్లలో నీళ్లేమిటని సిగ్గుపడింది.

సాయమ్మ మెంతికూర పక్కకు నెట్టి, గడప పట్టుకుని లేచింది. "నీ టేపు ఏడుంది? తే. చెప్పులిడువు. గిక్కడ నిలబడు."

వంటింటి తలుపు చెక్క మీద ప్రణీత పుట్టినరోజుల పెన్సిల్ గీతలున్నాయి, ఏడాదికొకటి. ఆ గీతలన్నీ గీసింది స్వరూపే. వాటి పక్కన వీపు ఆనించి నిలబడింది. సాయమ్మ పీట లాక్కుని, మోకాలు పట్టుకుని, మెల్లగా దాని మీదికెక్కింది. ఆఫీసు స్కేలు స్వరూప నెత్తిన అడ్డంగా పెట్టి ఆగింది.

"మెడ లేపు."

లేపింది.

"ఇంక లేపు. ఇంక. గింత ఒంగి నిలబడుడు ఎవ్వలు నేర్పిండ్రే నీకు?"

స్వరూప మెడ లేపింది. వీపులో ఎక్కడో ఒక ఎముక టక్కుమంది. కళ్లముందు వంటిల్లు మారింది, అల్మారా పై అర మీద దుమ్ము మొదటిసారి కనిపించింది. సాయమ్మ పెన్సిల్‌తో గీత గీసింది. స్వరూప వెనక్కి తిరిగి కొలిచింది. ఆఫీసు పద్ధతి ప్రకారం రెండోసారి కూడా కొలిచింది.

"ఎంత?"

"నూట అరవై ఏడు."

"నా కొడుకుది?"

"నూట అరవై నాలుగు."

సాయమ్మ పీట మీద నిలబడే నవ్వింది. పడిపోతుందేమోనని స్వరూప ఆమె నడుం పట్టుకుంది. "నాకు పెండ్లి నాడే ఎరుక బిడ్డా. తలంబ్రాలు పోసేటప్పుడు వాడు మునివేళ్ల మీద లేసిండు, నువ్వు తల వంచినవ్. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఇంటికొచ్చి అనుకున్న, గీ పిల్ల వంచకపోతే ఏమైతుండెనో అని."

"మరి ఎన్నడూ చెప్పలేదేంది అత్తమ్మా?"

"చెప్పకపోతి. తప్పే," అంది సాయమ్మ, ఆమె భుజం పట్టుకుని దిగుతూ. "గప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు అందరిని సింగపూర్ తోల్కపోతే, నా కన్ను ఆపరేషనని నువ్వు ఆగిపోయినవ్. గా పాస్‌పోర్టు బీరువాల చీరెల కింద అట్లనే ఉన్నది, నాకు తెల్వదా? పది రోజులు ఇల్లు నేను చూస్త. గోళీలు మింగుడు నాకు రాదా? పోరికి అన్నం పెట్టుడు రాదా? వాడేమన్న అంటే నా దగ్గరికి తోలు."

స్వరూప వంగి ఆమె కాళ్లకు దండం పెట్టబోయింది.

"మల్ల ఒంగుతున్నవ్," అంది సాయమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. స్వరూప ఆమెను గట్టిగా కౌగిలించుకుంది, నిలబడే. బాపును తలుచుకుంది. గుట్టతో కొట్లాడాల్సిన పని లేదు, చుట్టు తిరిగి మెల్లగా ఎక్కితే చాలు. పదిహేడేళ్లు చుట్టూ తిరిగింది, ఇక ఎక్కడమే మిగిలింది. రాత్రి భోజనాల దగ్గర ఉదయ్‌కిరణ్‌కు చెబుతుంది. అడగదు, చెబుతుంది.

ఆ పెన్సిల్ గీత పక్కన తేదీ వేసింది. తర్వాత వంటింట్లోనే నిలబడి ఫోన్ తీసి లూచియాకు రాసింది:

"ఆరో ఎత్తు నూట అరవై ఏడు. చెప్పులు లేకుండా, నిటారుగా నిలబడి కొలిచినది."